నేల విడువని విమానము

ఈత నేర్చుకొనదలచినవాడు నీటిలో దిగక తప్పదు. గుర్రపుస్వారి నేర్వదలచినవాడు గుర్రమెక్కక తప్పదు. ఇరువదవ శతాబ్దారంభమున విమానము నడుపుట నేర్వదలచినవాడును ఆకాశమున కెగిరియే నేర్వవలసియుండెను. అయితే నీటిలో తడబడినవానిని గురువు చేయిపట్టి ఒడ్డునకు చేర్చవచ్చును. గుర్రముమీదినుండి పడినవాడు దుమ్ము దులుపుకొని లేవవచ్చును. ఆకాశమున పొరపాటు చేసినవానికి మాత్రము రెండవ పాఠము దొరకుట అరుదు. ఈ చిక్కును విడదీసి, నేలమీదనే కూర్చుండి ఆకాశవిద్య నభ్యసించుటకు సాధనమును కల్పించినవాడు అమెరికా దేశీయుడగు ఎడ్విన్ ఆల్బర్టు లింకు. ఆ సాధనమును లోకము మొదట ఆటవస్తువని తలచెను. ఆ ఆటవస్తువే తరువాత లక్షలాది వైమానికులకు గురుపీఠమయ్యెను.

లింకు 1904వ సంవత్సరము జూలై 26వ తేదీన ఇండియానా రాష్ట్రమందలి హంటింగ్టను పట్టణమున జన్మించెను. ఆతనికి ఆరేండ్ల ప్రాయమున, అనగా 1910లో, ఆ కుటుంబము న్యూయార్కు రాష్ట్రమందలి బింగ్హాంటనుకు తరలివచ్చెను. ఆతని తండ్రి అచ్చట పియానోలను, ఆర్గనులను తయారుచేయు కర్మాగారమును నడుపుచుండెను. చలనచిత్రములకు ఇంకను మాటలు రాని దినములవి. తెరమీద బొమ్మలు కదలుచుండగా ప్రదర్శనశాలలో ఆర్గను మ్రోగుచుండెడిది. లింకు వారి కర్మాగారమున తమంతట తామే మ్రోగు పియానోలు కూడ తయారగుచుండెను. వానిలో రంధ్రములు పొడిచిన పొడవైన కాగితపుచుట్ట తిరుగుచుండును. ఒక్కొక్క రంధ్రము వచ్చినప్పుడు గాలి లోనికి చొరబడును. ఆ గాలి చిన్న తిత్తిని కదల్చును. తిత్తి మీటను లాగును. మీట స్వరమును పలికించును. గాలిచేత వస్తువులను కదలించు ఈ నేర్పు బాలుడైన లింకునకు చిన్ననాటనే అలవడెను. ఆతడు కళాశాల చదువు చదివినవాడు కాడు. తండ్రి కర్మాగారమే ఆతనికి కళాశాల, అందలి పనిముట్లే పాఠ్యగ్రంథములు.

ఆ కాలమున యువకుల మనస్సులను విమానము దోచుకొనుచుండెను. లింకు 1920లో, పదునారేండ్ల వయసున, కాలిఫోర్నియాలో తన మొదటి విమానపాఠమునకై ఏబది డాలర్లు చెల్లించెను. నాటికది చిన్న మొత్తము కాదు. శిక్షకు డాతనిని ఎక్కించుకొని ఎగిరెను. విమానమును గిరగిర త్రిప్పెను, తలక్రిందులుగా పల్టీలు కొట్టించెను, ఇండ్ల కప్పులను తాకునట్లు క్రిందుగా నడపెను. సుమారు ఒక గంట ఇట్లు గడచిన పిదప విమానము నేలకు దిగెను. ఆ గంటలో ఒక్కమారైనను లింకు చేతికి చుక్కాని అందలేదు.

అట్టి ప్రయాణము కోరియెక్కినవానికి గొప్ప వినోదమే. కాని లింకు వినోదమునకు రాలేదు, విద్యకై వచ్చెను. గురువు గారడీ చేయుచుండగా శిష్యుడు గుండె చిక్కబట్టుకొని కూర్చుండుట పాఠమనిపించుకొనునా యను ప్రశ్న ఆతని మనస్సున నాటుకొనెను. ఆనందము కలిగించునది వేరు, నేర్పునది వేరు అను భేదమును ఆ బాలుడు ఆనాడే గుర్తించెను. ఆతని జీవితమున చాలభాగము ఈ రెంటికిని పొందిక కుదుర్చుటయందే గడచెను.

బింగ్హాంటనుకు మరలివచ్చి లింకు కర్మాగారములో పనిచేయుచు, తీరిక దొరకినప్పుడు విమానము నడుపుట నేర్చుకొనెను. 1927లో ఆతడు సెస్నా విమానమొకటి సంపాదించెను. ఆ సంస్థ విక్రయించిన తొలి విమానమదియే యని చెప్పుదురు. దానితో ఊరూర తిరిగి ప్రజలకు విమానవిహారము చేయించుచు, కొందరికి పాఠములు చెప్పుచు కొంత ధనము నార్జించెను. ఇతరులకు నేర్పవలసివచ్చినప్పుడు తన తొలిపాఠము మరల జ్ఞప్తికి వచ్చెను. గంటకింత చొప్పున ఖర్చుచేసి ఆకాశమున తిరుగుట కంటె, చుక్కాని పట్టుట, కాలిమీటలు త్రొక్కుట మొదలగు తొలిమెట్లను నేలమీదనే ఏల నేర్పరాదని ఆతడు యోచించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సులో రెక్కలు కత్తిరించిన విమానములను నేలమీద పరుగెత్తించి విద్యార్థులకు అభ్యాసము చేయించిరి. ఎగురలేని పక్షి పేరుపెట్టి వానిని పెంగ్విను లనిరి. కాని పరుగెత్తుట వేరు, ఎగురుట వేరు. లింకు కోరినది నేల విడువక ఎగురు విమానము.

కర్మాగారపు నేలమాళిగలో ఆతడు పని కారంభించెను. సుమారు ఒకటిన్నర సంవత్సరము శ్రమించి 1929లో యంత్రమును పూర్తిచేసెను. చూచుటకది పొట్టి రెక్కలు, చిన్న తోక గల కొయ్య విమానము. ఒక్కడు మాత్రమే అందు కూర్చుండవచ్చును. దాని క్రింద ఆర్గనులయందు వాడు తిత్తులవంటివే అమర్చబడెను. విద్యుత్తుతో పనిచేయు పంపు వానిలోని గాలిని పీల్చుచుండును. విద్యార్థి చుక్కాని నొక ప్రక్కకు త్రిప్పగా ఆ వైపు తిత్తి ముడుచుకొనును, ఎదుటి వైపుది విప్పారును. పెట్టె అటు ఒరగును. చుక్కానిని వెనుకకు లాగగా ముక్కు పైకి లేచును. కాలిమీట త్రొక్కగా విమానము గుండ్రముగ తిరుగును. నడుమ నడుమ గాలి కుదుపులవంటి కదలికలను కలిగించుటకు వేరొక యేర్పాటుండెను. విద్యార్థి ఆ కుదుపులను సవరించుకొనుచు పెట్టెను సమముగ నిలుపవలెను. పాటలు పాడించిన గాలియే ఇప్పుడు పాఠములు చెప్పెను.

ఇంత శ్రమపడి చేసిన యంత్రమును తీసికొని లింకు విమానపాఠశాలలవారిని ఆశ్రయించెను. వారు దానిని లక్ష్యపెట్టలేదు. నిజమైన ఆకాశమున, నిజమైన గాలిలో తప్ప విమానవిద్య రాదని వారి నమ్మకము. వారు కాదన్న యంత్రమును వినోదోద్యానములవారు ఔనని కొనిరి. రంగులరాట్నము ప్రక్కన, తీపిపదార్థముల అంగడి ప్రక్కన లింకు విమానము నిలిచెను. పిల్లలును, పెద్దలును నాణెములు చెల్లించి, అందు కూర్చుండి, కొన్ని నిమిషములు ఆకాశవీరులైనట్లు మురిసి దిగిపోవుచుండిరి. సుమారు ఏబది యంత్రములు ఇట్లు వినోదస్థలములను చేరెను.

మరియొకడైనచో తన విద్యాసాధనము తిరునాళ్ళ బొమ్మయైనదని సిగ్గుపడియుండును. లింకు సిగ్గుపడలేదు. 1931లో ఆ యంత్రమునకు లభించిన ప్రభుత్వపు హక్కుపత్రముననే అది వైమానిక విద్యార్థులకు శిక్షణసాధనమనియు, వినోదపరికరమనియు రెండు పేర్లును కలిపి వ్రాయబడియుండెను. సంతోషించుటకు వచ్చినవా డిచ్చిన నాణెము, నేర్చుకొనుటకు రాబోవువానికై యంత్రమును బ్రదికించెను. ఆ కాలమున బ్రదుకుట సులభము కాదు. 1929లో అమెరికాలో ఆర్థికమాంద్యము దాపురించెను. చలనచిత్రములు మాటలు నేర్చుటచే ప్రదర్శనశాలలలో ఆర్గనులతో పని తీరెను. తండ్రి కర్మాగారము క్షీణించెను.

లింకు 1930లో తానే ఒక విమానపాఠశాల తెరచెను. తన యంత్రమున తొలి అభ్యాసము చేయించి, అటుపిమ్మట ఆకాశమునకు తీసికొనిపోవుటచే తక్కువ ఖర్చుతో విద్య చెప్పగలిగెను. ఆతని అన్న జార్జి ముందుగ యంత్రమున అభ్యసించి, నిజమైన విమానమున గంటకైన నిండని శిక్షణతోనే ఒంటరిగ ఎగురగలిగెను. కాని ప్రజలచేత ధనము లేని దినములగుటచే ఆ పాఠశాల నిలువలేదు. 1931లో లింకు మేరియన్ క్లేటను అను ఆమెను వివాహమాడెను. ఆమె పత్రికారచయిత్రి. భర్త చేపట్టిన ప్రతికార్యమునను ఆమె తోడునీడయై నిలిచి, వ్యాపార వ్యవహారములను చక్కబెట్టెను.

జీవనోపాధికై లింకు రాత్రులయందు దీపములతో అక్షరములు కూర్చిన విమానమును పట్టణములమీద నడపి వ్యాపారప్రకటనలు చేయుచుండెను. ఈ రాత్రి ప్రయాణములయందు మేఘములును, పొగమంచును ఆతనికి నిత్యశత్రువులు. విమానవిద్యయందలి అసలు ప్రమాదమెక్కడ నున్నదో వానివలన ఆతనికి బాగుగ తెలిసివచ్చెను.

మనుష్యుని చెవిలోపల ద్రవముతో నిండిన సన్నని గొట్టములు గలవు. శరీరము తిరిగినప్పుడు ఆ ద్రవము కదలి తిరిగిన సంగతిని మనకు తెలుపును. కాని ఒకే తీరుగ కొంతసేపు తిరుగుచున్నచో ద్రవము కూడ శరీరముతోపాటే తిరిగి నిలకడ చెందును. అప్పుడు తిరుగుచున్నవానికి తాను నిటారుగ పోవుచున్నట్లే తోచును. పగటివేళ నేలయు, ఆకాశమును కలియు గీత కన్నులకు కనబడి ఈ భ్రమను సవరించును. మేఘములో చొచ్చినవానికి ఆ గీత కానరాదు. విమానము ఒరిగి సుళ్ళు తిరుగుచు దిగుచున్నను, సరిగనే పోవుచున్నానని ఆతడు నమ్మును. ఎదుట నున్న సూచికయొక్క ముల్లు ప్రమాదమును తెలుపుచున్నను దానిని నమ్మక తన దేహమును నమ్మి నాశమగును.

ఈ సత్యము గ్రహించిన పిదప లింకు తన యంత్రమును మార్చెను. వినోదమునకు కేవలము ఒరుగుట, లేచుట చాలును. విద్యకది చాలదు. అట్లని ఆకాశమందలి సమస్తమును పెట్టెలో చూపుటయు సాధ్యము కాదు. ఏది యథాతథముగ నుండవలెను, ఏది లేకున్నను లోపము లేదు అను వివేచనయే ఆతని ప్రతిభ. మేఘములను, కొండలను చిత్రించుటకు ఆతడు పూనుకొనలేదు. పైనొక మూత నమర్చి విద్యార్థికి బయటి లోకమే కనబడకుండ చేసెను. లోపల ఎత్తును, వేగమును, దిక్కును, మలుపును తెలుపు సూచికలను కూర్చెను. చుక్కాని కదలినకొలది ఆ ముల్లులు నిజమైన విమానమునందువలెనే కదలవలెను. చీకటి పెట్టెలో కూర్చున్న విద్యార్థి తన దేహము చెప్పుమాట విడచి ముల్లు చెప్పుమాట వినుట నేర్చుకొనెను. చెవులకు అమర్చిన పరికరములో రేడియో సంకేతములు వినబడుచుండును. త్రోవ తప్పినచో ఏ వైపునకు తప్పినదియు ఆ ధ్వనియే తెలుపును. వెలుపల బల్లయొద్ద కూర్చున్న శిక్షకుని యెదుట మూడు చక్రముల చిన్న పరికరము పటముమీద ప్రాకుచు విద్యార్థి నడచిన దారిని సిరాతో గీయుచుండును. పీతవలె ప్రాకుటచే దానికి పీతయనియే పేరు వచ్చెను. మూత తీసి వెలుపలికి వచ్చిన విద్యార్థి తన తప్పును తన కన్నులతోనే చూచుకొనును. అక్కడ కొండను ఢీకొన్నను ప్రాణహాని లేదు. మరల మూత వేసికొని మరల ప్రయత్నించును.

ఈ యంత్రము విలువ దేశమునకు తెలియుటకు గొప్ప విషాదము కావలసివచ్చెను. 1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము విమానముల ద్వారా తపాలా చేరవేయుపనిని ప్రైవేటు సంస్థలనుండి తప్పించి సైనిక వైమానికులకు అప్పగించెను. అది నడిశీతకాలము. రాత్రులు, మంచుతుపానులు, పొగమంచు. సైనికులు ధైర్యవంతులే కాని సూచికలను చూచి విమానము నడుపు విద్యలో వారికి తగిన అభ్యాసము లేదు. కొద్ది వారములలోనే పెక్కు విమానములు కూలెను. సుమారు పన్నెండుగురు మరణించిరి. దేశమంతయు కలవరపడెను.

అప్పుడు సైనికాధికారులు లింకు యంత్రమునుగూర్చి విచారించి, న్యూవార్కు విమానాశ్రయమున ఆతనిని కలిసికొనుటకు వచ్చిరి. ఆ దినమున దట్టమైన పొగమంచు క్రమ్ముకొనియుండెను. అట్టి వాతావరణములో ఎవ్వడును ఎగిరి రాజాలడని తలచి వారు వెడలిపోవ నుద్యుక్తులైరి. అంతలో మంచులోనుండి ఇంజను చప్పుడు వినబడెను. లింకు బింగ్హాంటనునుండి సూచికల సహాయముతోడనే విమానము నడపుకొనివచ్చి సురక్షితముగ దిగెను. వేరు వాదముతో పనిలేకపోయెను. సైన్యమువారు ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రములు కొనిరి. రంగులరాట్నము ప్రక్కనుండిన బొమ్మ సైనికవిద్యాలయమును ప్రవేశించెను.

తరువాత ఇతర దేశములనుండియు కోరికలు వచ్చెను. 1935లో జపాను నౌకాదళము కొన్ని యంత్రములను కొనెను. కొలది సంవత్సరములలో ఆ దేశమే అమెరికాకు శత్రువయ్యెను. విద్యకు స్వపర భేదము లేదు. దాని నెట్లు వినియోగింతురన్నది మనుష్యుల వివేకముమీద ఆధారపడియుండును. 1937లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ లింకు యంత్రమును కొని, ప్రయాణికుల విమానములు నడుపువారి శిక్షణకు కూడ అది తగినదని చూపెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సుమారు పదివేల యంత్రములు తయారయ్యెను. ఐదు లక్షలకు పైబడిన వైమానికులు వానియందు శిక్షణ పొందిరి. నక్షత్రములను చూచి దారి తెలిసికొను విద్యను నేర్పుటకు వీమ్సు అను నావికాశాస్త్రజ్ఞునితో కలసి లింకు మరియొక పెద్ద యంత్రమును నిర్మించెను. ఎత్తైన కట్టడములో, కృత్రిమ నక్షత్రముల క్రింద, విమానమందలి సిబ్బంది కలసి అభ్యసించుటకు అందు వీలుండెను. ఉక్కపోయు చీకటిపెట్టెలో శిక్షకుడు కల్పించు చిక్కులతో పెనుగులాడుట చాలమందికి రుచింపలేదు. అయినను మేఘములో చిక్కుకొన్న నాడు వారిని ఆదుకొన్నది ఆ పెట్టెలోని అభ్యాసమే.

1954లో లింకు తన సంస్థను వేరొక పెద్ద సంస్థలో కలిపివేసెను. ఆ సంస్థ తరువాత చంద్రమండలమునకు పోవు వ్యోమగాముల శిక్షణకు కూడ యంత్రములను నిర్మించెను. లింకు చూపు మాత్రము ఆకాశమునుండి సముద్రమువైపు మరలెను. ఆతడును, మేరియనును సీడైవరు అను నౌకలో తిరుగుచు మునిగిన ఓడలను, పురములను పరిశోధించిరి. 1692లో భూకంపముచే జమైకాలో సముద్రము పాలైన పోర్టు రాయలు పట్టణమును వారు 1959లో పరిశోధించిరి. సముద్రగర్భమున మనుష్యుడు నివసించి పనిచేయుటకు తగిన సాధనములను లింకు కల్పించెను. 1962లో రాబర్టు స్టెన్వి అను బెల్జియము దేశీయుడు లింకు నిర్మించిన గొట్టపు గదిలో 200 అడుగుల లోతున ఒక దినమునకు పైగా గడపెను.

ఈ పరిశోధనలోనే లింకునకు పుత్రశోకము సంభవించెను. ఆతడు రూపొందించిన జాన్సన్ సీలింకు అను జలాంతర్నౌక 1973 జూన్ నెలలో ఫ్లోరిడా సమీపమున, మునిగియున్న పాత యుద్ధనౌక శిథిలములలో చిక్కుకొనెను. అది సుమారు 360 అడుగుల లోతు. చలి తీవ్రత వలన దుష్టవాయువును హరించు రసాయనము సరిగ పనిచేయలేదు. వెనుకగదిలో నున్న ఇరువురు మరణించిరి. వారిలో నొకడు లింకు కుమారుడు క్లేటను. ఆతని వయసు 31 సంవత్సరములు. ఇతరుల ప్రాణముల రక్షణకై జీవితమంతయు పాటుపడినవాడు తన కుమారుని రక్షించుకొనలేకపోయెను. డెబ్బదేండ్లకు చేరువలో నున్న ఆ తండ్రి దుఃఖమును దిగమింగి, మరల పనిముట్లు చేపట్టెను. సముద్రమున చిక్కుకొన్న జలాంతర్నౌకను పైనుండి నడపబడుచు పోయి విడిపింపగల యంత్రమును ఆతడు నిర్మించెను. తనకు వచ్చిన కష్టము మరియొక తండ్రికి రాకుండుగాక యని చేసిన పని యది. 1981 సెప్టెంబరు 7వ తేదీన లింకు బింగ్హాంటనులో కన్నుమూసెను.

నేడు విమానములు నడుపు ఆట కంప్యూటరులందు ఇంటింటను కానవచ్చుచున్నది. యుద్ధవిమానములు నడుపు ఆటలందు ఆసక్తిగలవారు రెండు తెగలుగా నున్నారు. ప్రతి మీటయు, ప్రతి సూచికయు నిజమైన విమానమునందువలెనే యుండవలెనని ఒక తెగ వాదించును. పనినుండి వచ్చి కొంతసేపు సంతోషముగ ఎగిరి దిగిన చాలునని రెండవ తెగ కోరును. లింకు జీవితమును తెలిసినవారికి ఈ రెండును ఒక తల్లి బిడ్డలే యని తోచును. రంగులరాట్నము ప్రక్క నాణెమిచ్చి మురిసిన బాలుడును, చీకటిపెట్టెలో చెమటోడ్చి నేర్చిన సైనికుడును ఎక్కినది ఒకే విమానము. ఆటను ఆటగా ఆడుట తప్పు కాదు. ఆటయే విద్యయని భ్రమించుట తప్పు. ఏబది డాలర్లిచ్చి ఎగిరిన నాడే ఆ భేదమును గుర్తించి, రెంటికిని తగిన చోటు చూపినవాడు గనుకనే, తిత్తులతో పాటలు పాడించు ఇంట పుట్టిన లింకు వైమానికులకు గురువైనాడు.